గంట మోగని గది

అమెరికాలో, చాండ్లర్‌లో మా ఇంటి వెనక వీధిలో ఎమ్మెస్ చదివే పిల్లలు కొందరు కలిసి అద్దెకుంటారు. ఆదివారం పప్పు, ఆవకాయ ఉన్నాయని తెలిస్తే చాలు, వాలిపోతారు. తిన్నంతసేపూ ఒకటే గోల.

"ఆంటీ, ఇంటర్వ్యూల ఏం అడుగుతరు? ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుంటే జల్దీ జాబ్ వస్తది?"

నాకు తెలిస్తేగా! నేను రిటైరయ్యేనాటికే నేను నేర్చిన ఫ్రేమ్‌వర్కులకు అందరూ మంగళం పాడేశారు. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక రోజూ ఏం చేస్తారో మాత్రం చెప్పగలను. కనబడకుండా పోయిన ఫైళ్లు వెతుకుతారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎక్కువగా చేసింది అదే. ఈ మాట అంటే పిల్లలు నవ్వుతారు. నవ్వండి, మీకూ ఆ రోజులొస్తాయి.

నా ప్రమోషన్ల సంగతి నా భర్తకే గుర్తులేదు, మీకెందుకు? ఈ పనిలో నాకు బుద్ధి చెప్పిన ఒకటి రెండు సంగతులు రాస్తాను. రెండోది ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

శనివారం మాయమయ్యే లోగో

ముందు తెలియనివాళ్లకు ఒక్క ముక్క. మీరు తెర మీద చూసే పేజీ ఒకచోట ముద్దగా ఉండదు. రాత ఒకచోటు నుంచి, బొమ్మ ఇంకోచోటు నుంచి, శబ్దం మరోచోటు నుంచి వచ్చి మీ కళ్లముందు కలుస్తాయి. ప్రతిదానికీ ఒక అడ్రసు రాసి ఉంటుంది. ఏ మెషీన్, అందులో ఏ ఫోల్డర్, అందులో ఏ ఫైలు. దీన్నే మేం పాత్ అంటాం. అడ్రసు సరిగ్గా ఉంటే వస్తువు వస్తుంది. లేకపోతే బొమ్మ ఉండాల్సినచోట విరిగిన గడి కనిపిస్తుంది.

చాండ్లర్‌కి రాకముందు, హెర్న్‌డన్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి పనిచేస్తున్నప్పుడు వాళ్ల సైట్‌లో లోగో శనివారం మాయమై సోమవారం తిరిగొచ్చేది. నెలల తరబడి ఇదే వరస. వీకెండ్‌లో సర్వర్‌కి ఏదో మెయింటెనెన్స్ ఉంటుందిలే అని అందరూ సరిపెట్టుకున్నారు. నాకు నిద్రపట్టలేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఆ లోగో మా టీమ్‌లోని బ్రయాన్ ల్యాప్‌టాప్ నుంచి వస్తోంది. మొదట్లో పేజీ కట్టేటప్పుడు తన మెషీన్ అడ్రసే రాసి, మార్చడం మరిచాడు. శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇంటికి పోయేవాడు. లోగో కూడా అతనితోపాటే ఇంటికి పోయేది. సంగతి చెప్పాక బ్రయాన్ ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

అక్కడ నేర్చుకున్నది ఒకటే. "నా దగ్గర పనిచేస్తోంది" అనేది మా వృత్తిలో అన్నిటికంటే పనికిమాలిన మాట. అది మీ గురించి మీరు చెప్పుకునే మాట. అవతలివాళ్లు ఏం చూస్తున్నారో దానివల్ల తెలియదు. బ్రయాన్ ఆఫీసులో ఉన్నప్పుడల్లా లోగో ఉండేది మరి.

మనవాళ్ల టెస్టింగ్

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. ఇది మన తెలుగువాళ్లదే. ఏదైనా కట్టి, పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఉత్తుత్తి సమాచారం పెడతాం చూడండి, అప్పుడు చేతికి తెలుగే వస్తుంది. కస్టమర్ పేరు తోటకూర. ఊరు అమీర్‌పేట. ఫిర్యాదు రాసేచోట "ఒరేయ్ ఇది పనిచేస్తే టీ నేనే ఇప్పిస్తా". తెల్లవాళ్లకి అర్థం కాదు కదా అని ధీమా. అర్థం కాదు కాబట్టే ఎవరూ తీసెయ్యమని చెప్పరు కూడా. అలా తోటకూర గారు ఎన్ని కంపెనీల్లో ఇప్పటికీ కస్టమరుగా ఉన్నారో భగవంతుడికే తెలియాలి.

ఇందులో ఆరితేరినవాడు ప్రభాకర్. విజయనగరం వాడు. చాండ్లర్ ఆఫీసులో నా పక్క సీటు. నన్ను సుగుణక్కా అని పిలిచేవాడు. సన్నటి గొంతు, మాట చివర కాస్త సాగదీస్తాడు. పనిలో చెయ్యి తిరిగినవాడు. వృద్ధాశ్రమాలకు మేం చేసిన యాప్‌లో సగం అతని చేతిలోనే పుట్టింది. ప్రతి గదిలో మంచం పక్కన గోడకి ఒక ట్యాబ్లెట్. అందులో భోజనం వేళలు, పిల్లల ఫోటోలు, డాక్టర్ ఎప్పుడొస్తారో. సాయంత్రం ఐదింటికి మందుల గంట మోగుతుంది, మెత్తగా, గుడిలో చిన్న గంటలాగా.

ఒకవేళ గంట ఫైలు దొరక్కపోతే? ట్యాబ్లెట్ నోరుమూసుకుంటే మందు తప్పిపోతుంది కదా. అందుకని ప్రభాకర్ ఒక ఏర్పాటు చేశాడు. అడిగిన శబ్దం లేకపోతే దాని బదులు ఇంకో శబ్దం వెళ్లాలి. మంచి ఆలోచనే. ఆ ఇంకో శబ్దం కోసం ప్రస్తుతానికి తన గొంతే మైకులో రికార్డు చేసి పెట్టాడు. "తర్వాత మంచిది పెట్టేద్దాం లెండక్కా" అన్నాడు కూడా. అతనేం మాట్లాడాడో నేను వినలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి కాసేపు పడుకుంటానని గదిలోకి వెళ్లినవాడు మళ్లీ లేవలేదు. గుండెపోటు. ఆఫీసులో అతని కుర్చీలో ఎవరూ కూర్చోకుండా చాలాకాలం గడిచింది.

మగ గొంతు

ప్రభాకర్ పోయిన రెండో ఏడు ఒక టికెట్, అంటే మాకు రాసి పంపే ఫిర్యాదు, వచ్చింది. ఊరి చివర ఉన్న ఒక ఆశ్రమం నుంచి. "గదిలో ట్యాబ్లెట్ నుంచి మగమనిషి గొంతు వినిపిస్తోందని నివాసి అంటున్నారు. దయచేసి చూడండి." మావాళ్లు ఆఫీసులో తెరిచి చూశారు. గంట చక్కగా మోగింది. సమస్య కనబడలేదని రాసి మూసేశారు. వారానికి ఆశ్రమంవాళ్లు మళ్లీ తెరిచారు. మావాళ్లు మళ్లీ మూసేశారు.

మూడోసారి టికెట్ రాలేదు, ఫోనే వచ్చింది. ఆ వింగ్‌లో నర్సు, పేరు టెరీసా. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"మేడమ్, మార్జొరీ గారు బాగానే ఉండేవారు. పజిల్స్ చేసుకునేవారు, అందరితో జోకులేసేవారు. ఇప్పుడు సాయంత్రం ఐదయ్యేసరికి గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నారు. డాక్టర్ ఇప్పటికే మందు మొదలుపెట్టాడు, పగలంతా మగతే. వచ్చేవారం తాళం వేసే వింగ్‌కి మార్చేస్తామంటున్నారు. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ ఇటు రారు."

"మీకేమనిపిస్తోంది?" అన్నాను.

"పిచ్చివాళ్లు రోజుకో మాట చెబుతారు మేడమ్. ఈవిడ రోజూ ఒకటే చెబుతోంది."

మా మేనేజరు కెవిన్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు, మా అమ్మకి బాగాలేనప్పుడు అడగకుండానే సెలవిచ్చాడు. ఆ రోజు మాత్రం నవ్వేశాడు. "సుగుణా, అది ముసలివాళ్ల ఇల్లు. అక్కడ గొంతులు వినిపించకపోతేనే ఆశ్చర్యపోవాలి. మన దగ్గర గంట మోగుతోంది కదా?"

నా దగ్గర పనిచేస్తోంది! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు మధ్యాహ్నం నేనే కారు తీశాను.

జూన్ నెల. స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. రోడ్డు మీద నరమానవుడు లేడు. లోపలికి అడుగుపెడితే ఎముకలు కొరికే ఏసీ, నిమ్మవాసన, పొడుగాటి కారిడార్, అటూ ఇటూ ఒకేలాంటి తలుపులు. బయట అంత వెలుతురున్నా కిటికీలన్నిటికీ బ్లైండ్స్ దించేసి ఉన్నాయి. కార్పెట్ మీద నా అడుగుల చప్పుడు నాకే వినిపించలేదు.

మార్జొరీ గారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. సన్నటి మనిషి, తెల్లటి జుట్టు నున్నగా దువ్వి ఉంది. మందు మత్తుకి కనురెప్పలు బరువుగా వాలుతున్నాయి. స్కూల్లో పిల్లలకు సంగీతం చెప్పేవారట. నేను ట్యాబ్లెట్ కంపెనీ నుంచి వచ్చానని టెరీసా చెప్పింది.

"అతన్ని తీసుకెళ్లడానికి వచ్చావా?" అన్నారు మార్జొరీ గారు.

"అతనంటే ఎవరండీ?"

"నాకు తెలియదు. అతని భాష నాకు రాదు. మంచివాడిలా ఉన్నాడు. కంగారుపడుతున్నాడు, పాపం."

"ఏమంటాడు?"

ఆవిడ కళ్లు మూసుకున్నారు. కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తున్నట్టు కొట్టి, అమెరికన్ యాసలో, ఒక్కో అక్షరం విడగొట్టి అన్నారు.

"విని... పిస్... తోందా?"

ఆ గదిలో, ఆ పెద్దావిడ నోట, నా భాష. అబద్ధమెందుకు చెప్పాలి, ఆ క్షణంలో ఫోల్డర్లూ సర్వర్లూ ఏవీ గుర్తురాలేదు. లేచి పారిపోదామనిపించింది. టెరీసా నా ముఖం చూసి నీళ్లు తెచ్చిచ్చింది.

"ఏమైంది మేడమ్? ఆ మాటకి అర్థముందా?"

"ఉంది" అన్నాను.

ఐదయ్యేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టాను. ఐదు కాగానే కారిడార్ పొడుగునా ప్రతి గదిలోనూ గంటలు ఒక్కసారిగా మోగాయి. ఈ గదిలో మోగలేదు. గోడమీది ట్యాబ్లెట్ ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత చిన్నగా, పక్కగదుల గంటల కింద అణిగిపోతూ, ఒక గొంతు వచ్చింది. సన్నటి గొంతు, మాట చివర సాగదీస్తూ.

"హలో... హలో... వినిపిస్తోందా? ఎవరైనా ఉన్నారా అక్కడ? వినిపిస్తే ఒక్కసారి చెప్పండి."

ప్రభాకర్. పాడెక్కిన మనిషి. నేను చూసి, దండం పెట్టి వచ్చిన మనిషి.

మార్జొరీ గారు గోడవైపు తిరిగి ఎంతో మర్యాదగా, ఇంగ్లీషులోనే జవాబిచ్చారు. "వినిపిస్తోంది నాయనా. నేనిక్కడే ఉన్నాను."

టెరీసా శిలువ గుర్తు వేసుకుంది. "నేను రోజూ మందులు తీసుకుని గదిలోకొచ్చేసరికి అయిపోతోంది కాబోలు" అంది. "బయట ఇన్ని గంటల మధ్య నాకెలా వినిపిస్తుంది?"

అసలు జరిగింది

కారులో కూర్చుని కాసేపు ఏడ్చి, ఆఫీసుకెళ్లాక గాని నా బుర్ర పనిచేయలేదు. పనిచేశాక అంతా తేటతెల్లమైంది.

అంతకుముందు ఏడాది మావాళ్లు ఫోల్డర్లన్నీ సర్దారు. శబ్దాలున్న ఫోల్డర్‌ని ఒకచోటు నుంచి ఇంకోచోటికి మార్చారు. అడ్రసులన్నీ దిద్దారు, గంటది తప్ప. మరి మిగతా గదుల్లో ఎలా మోగింది? పాత ట్యాబ్లెట్లు గంటని ఎప్పుడో ఒకసారి తెచ్చుకుని తమ దగ్గర దాచుకున్నాయి. మళ్లీ సర్వర్‌ని అడిగే పనే లేదు. మా ఆఫీసు మెషీన్లదీ అదే కథ. మార్జొరీ గారి గదిలో పాత ట్యాబ్లెట్ మీద కాఫీ చింది పాడైతే కొత్తది బిగించారు. దాని దగ్గర దాచుకున్నదేమీ లేదు. సర్వర్‌ని గంట అడిగింది. అడ్రసులో ఏమీ లేదు. ప్రభాకర్ ఏర్పాటు తన పని తాను చేసింది, గంట బదులు అతని గొంతు పంపింది. మైకు టెస్ట్ చేసుకుంటూ అన్న ఆ నాలుగు ముక్కలు రోజూ ఐదింటికి అడుగుతూ వచ్చాయి.

ఇంగ్లీషులో అని ఉంటే టెస్టింగ్‌లోనే ఎవరో ఒకరు పట్టుకునేవారు. మొదటిసారి విన్న కుర్రాడెవడో అర్థంకాని ఫైలని వదిలేసి ఉంటాడు.

అయితే పనిలో నాకో చాదస్తం ఉంది. తప్పు దొరికాక, అది ఇంకెవరికి తగిలిందో చూడందే వదలను. ఆ గొంతు ఫైలుని సర్వర్ ఎవరెవరికి ఇచ్చిందో చూద్దామని లాగ్, అంటే సర్వర్ రాసుకునే చిట్టా, తెరిచాను. ఒకే గది ఉంటుందనుకున్నాను. ఇంకో గది కూడా ఉంది, అదే ఆశ్రమంలో, కొన్ని నెలల కిందట. వరసగా రోజూ ఐదింటికి. ఆ తర్వాత ఆగిపోయింది.

టెరీసాకి ఫోన్ చేశాను.

"ఆ గదా? హోవర్డ్ గారిది. కొత్తగా చేరారు, కొత్త ట్యాబ్లెట్ పెట్టాం" అంది. "సాయంత్రమయ్యేసరికి దానిమీద టవల్ కప్పేసేవారు. ఎవడో రమ్మంటున్నాడనేవారు. తాళం వింగ్‌కి మార్చారు."

"ఆయన్ని కలవొచ్చా?"

"పోయారు మేడమ్. స్ప్రింగ్‌లో."

చిన్న తప్పే, ఒక్క లైను. దానివల్ల ఒక మనిషి చివరి రోజులు తనకు పిచ్చని నమ్ముతూ తాళం వెనక గడిపాడు. ఆయనకిప్పుడు ఎవరు చెబుతారు?

కెవిన్ భయం

అడ్రసు దిద్దడం టీ చల్లారేలోపు అయిపోయింది. అసలు గొడవ తర్వాత. కెవిన్‌కి రికార్డింగ్ వినిపించి, హోవర్డ్ గారి సంగతీ చెప్పాను. పాలిపోయాడు.

"సరే, దిద్దేశావు కదా. ట్యాబ్లెట్ సెట్టింగ్ మార్చామని రాసి టికెట్ మూసెయ్. గొంతు నిజమేనని రాశావనుకో, లాయర్లొస్తారు. ఆ రెండో గది సంగతి అసలు ఎత్తకు."

"మరి మార్జొరీ?"

"రేపటి నుంచి ఆవిడకి గంటే వినిపిస్తుంది కదా. ఇంకేం కావాలి?"

"కెవిన్, ఒక్కసారి ఆలోచించు. రేపటి నుంచి గొంతు ఆగిపోతే ఆ డాక్టర్ ఏమనుకుంటాడు? తన మందు పనిచేసిందనుకుంటాడు. ఆవిడకి పిచ్చని ఇంకా గట్టిగా రాసుకుంటాడు. ఆ మందు ఆవిడ పోయేదాకా వేస్తారు. మనం నోరుమూసుకుని దిద్దితే ఆవిడకి ఇప్పటికంటే ఎక్కువ కీడు."

కెవిన్ కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ కూర్చున్నాడు. "నేను పైవాళ్లతో మాట్లాడాలి" అన్నాడు చివరికి. నేను చూసిన బాసుల్లో దుర్మార్గులు తక్కువ, భయస్తులే ఎక్కువ. పైవాళ్లు ఇంకా పైవాళ్లతో మాట్లాడేలోగా వచ్చేవారం రానే వస్తుంది, ఆవిడని తరలించనే తరలిస్తారు.

అక్కడే కూర్చుని ఆశ్రమం డైరెక్టరుకీ డాక్టరుకీ మెయిల్ కొట్టాను, కెవిన్‌కి కాపీ పెట్టి. గొంతు నిజం, తప్పు మాది, రికార్డింగ్ జతచేశాను, హోవర్డ్ గారు విన్నది కూడా ఇదే, వారి కుటుంబానికి తెలియజేయండి. ఇంతే రాశాను. అప్పటికి నాకు గ్రీన్ కార్డ్ వచ్చేసింది, ఇంటి లోన్ తీరింది. వీసా మీద ఉన్న రోజుల్లో అయితే ఆ మెయిల్ పంపేదాన్నా? పంపేదాన్నని గొప్పలు పోను. వీసా మీద ఉన్న మీకు నేను చెప్పేదొకటే. టికెట్‌లో "సమస్య కనబడలేదు" అని రాసేముందు ఆ గదికి వెళ్లండి. వెళ్లలేకపోతే ఫోన్ చేయండి. దానికి ఏ కార్డూ అక్కర్లేదు.

ఉద్యోగం పోలేదు. కెవిన్ కొన్నాళ్లు ముఖం చాటేశాడు. తర్వాత లిఫ్టులో ఎదురైనప్పుడు, "నువ్వు చేసింది కరెక్టే" అని నేలవైపు చూస్తూ అన్నాడు. మార్జొరీ గారి తరలింపు ఆపేశారు. మందు కొద్దికొద్దిగా తగ్గించి మానేశారు.

సాయంత్రం ఐదు

మందు మానేశాక ఒకసారి చూసివద్దామని వెళ్లాను. గంట మోగుతోందో లేదో నా కళ్లతో చూడాలి. మార్జొరీ గారు నన్ను గుర్తుపట్టారు. కళ్లు నిండుగా తెరుచుకున్నాయి, ఒళ్లో సగం చేసిన పజిల్ ఉంది.

"నాకు పిచ్చి లేదని నువ్వు రాశావట కదా" అన్నారు నా చెయ్యి పట్టుకుని.

ఐదయింది. అన్ని గదుల్లోనూ గంట మోగింది. ఈ గదిలోనూ మోగింది. ఆవిడ గోడవైపు తిరిగి, గంట ఆగాక కూడా అలాగే చూస్తూ ఉండిపోయారు.

"అతనెవరు?" అన్నారు.

"నాతో పనిచేసేవాడు. ప్రభాకర్."

"ఏమడిగేవాడు?"

"తన మాట ఎవరికైనా వినిపిస్తోందా అని. వినిపిస్తే ఒక్కసారి చెప్పమని."

ఆవిడ తలాడించారు. "నేననుకున్నాను. అడుగుతున్నట్టే ఉండేది. అందుకే రోజూ చెప్పేదాన్ని." నావైపు తిరిగారు. "అతనికి వినపడిందా?"

ఆ దారి నేను సొంత కళ్లతో మొదటినుంచి చివరిదాకా చూశాను. సర్వర్ నుంచి ఫైలు బయల్దేరుతుంది, గోడమీది స్పీకరు దగ్గర ఆగిపోతుంది. ఇటునుంచి అటు ఏమీ వెళ్లదు. ఆ ట్యాబ్లెట్‌లో మైకు కూడా ఆపేసి ఉంది, నేనే చూశాను.

"వినపడిందండీ" అన్నాను.